పెద్దక్షరాల మొగుడు

చాపెల్ వీధి,
పెంట్రెవెలిన్, వేల్స్.
1983 మార్చి 8

లాప్‌వింగ్ కంప్యూటర్ల కంపెనీ పెద్దలకు,

ఓల్వెన్ బేనన్ అనే నేను నమస్కరించి రాస్తున్నాను. మీకు నేనెవరో తెలియదు. నాకు మాత్రం మీరు బాగా తెలుసు. మీ యంత్రం మా ముందుగదిలో, టీవీ పక్కన, కొత్తల్లుడిలా కూర్చుని ఉంది.

మా ఆయన పేరు ఇద్వాల్. ఈ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళకు పైగా సెలూన్ నడిపాడు. మా లోయ మొత్తంలో అంత మెత్తగా మాట్లాడే మనిషి లేడు. "తల కాస్త వంచండి" అన్నా ప్రార్థన చేస్తున్నట్టే ఉండేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మీద ఒక్కసారి గొంతెత్తలేదు. ఆయన కొత్త ఉన్ని కోటును నేను వేడినీళ్ళలో ఉడకేసి చంటిపిల్లాడి చొక్కా చేసినప్పుడు కూడా "పోనీలే, ఎవరి పిల్లాడికైనా సరిపోతుంది" అన్నాడంతే.

మీ యంత్రం గడప దాటి లోపలికి వచ్చింది మొదలు మనిషి మారిపోయాడు. పొద్దున లేస్తే అరుపులే. టీ కావాలంటే అరుపు. కిటికీ మూయమంటే అరుపు. మొన్న "వాన వస్తోంది" అని ఎంత అరుపు అరిచాడంటే, ఆ వానను నేనే పిలిచానేమో అని భయం వేసింది.

యంత్రాన్ని వెనక్కి తీసుకోమని నేను అడగడం లేదు. ఆ అరుపులు మాన్పించే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పండి.

మీ జవాబు కోసం కాచుకుని ఉండే,
ఓల్వెన్ బేనన్

తా.క. ఎదురింటావిడను అడిగితే తనకేమీ వినపడలేదంది. ఆవిడకు చెవుడనుకునేరు. మా ఇంట్లో చెంచా కింద పడినా ఆవిడకు తెలుస్తుంది.


లాప్‌వింగ్ కంప్యూటర్స్,
ఉత్తరాల విభాగం, కేంబ్రిడ్జ్.
1983 మార్చి 14

శ్రీమతి బేనన్ గారికి,

మీ ఉత్తరం చేరింది. లాప్‌వింగ్ కంప్యూటర్ను ఎంచుకున్నందుకు కృతజ్ఞతలు.

మీరు రాసిన సమస్యను పరిశీలించాము. మా కంప్యూటర్ తనంతట తాను చప్పుడు చేయదు. వచ్చే ధ్వని అంతా మీ టీవీ నుంచే వస్తుంది. టీవీ ముందు భాగంలో ధ్వని తగ్గించే మీట ఉంటుంది. దానిని ఎడమ వైపు తిప్పగలరు.

ఇక మీ భర్త గారి విషయం. కంప్యూటర్ ఆటలు ఆడేటప్పుడు మగవారు అరవడం మాకు కొత్త కాదు. ముఖ్యంగా ఆకాశం నుంచి శత్రువులు దిగే ఆటల్లో. ఆటకూ ఆటకూ మధ్య ఆయనను కాసేపు తోటలో తిప్పవలసిందిగా సూచిస్తున్నాము.

మీ సేవలో,
వెరిటీ టాప్‌స్కాట్ (మిస్)

తా.క. యంత్రానికి ఏడాది వారంటీ ఉంది. భర్తలు అందులోకి రారని తెలియజేయడానికి చింతిస్తున్నాము.


ఎలునెడ్ ఇల్లు,
పెంట్రెవెలిన్.
1983 మార్చి 21

మిస్ టాప్‌స్కాట్ గారికి,

మీరు చెప్పినట్టే ఎడమ వైపు తిప్పాను. అరుపులు తగ్గలేదు. తోటలో కూడా తిప్పాను. ఆయనకు జలుబు చేసింది.

తప్పు నాదేలెండి. పరాయివాళ్ళతో ఇంటి సంగతులు ఎందుకని అసలు మాట మొదటి ఉత్తరంలో మింగేశాను. ఇద్వాల్‌కు గొంతు లేదు. కిందటి చలికాలంలో గొంతులో పుండు లేచిందని డాక్టర్లు కోసి తీసేశారు. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. కాగితం మీద రాసి చూపిద్దామంటే చేతులు వణుకుతాయి. ఆయన రాసింది ఆయనకే అర్థం కాదు. ఆస్పత్రిలో నర్సమ్మ ఒకావిడ చెప్పింది, ఇలాంటి యంత్రం ఉంటే ఒక్కో మీటా నొక్కి మాటలు టీవీ మీద చూపించవచ్చని. అలా వచ్చింది మీ లాప్‌వింగ్ మా ఇంటికి.

వచ్చాక చూద్దును కదా, దానికి పెద్దక్షరాలు తప్ప చిన్నక్షరాలు రావు! "పట్టాలు దాటరాదు" అని స్టేషన్లో రాస్తారే, ఆ అక్షరాలు. యుద్ధం వచ్చినప్పుడు పేపరు వాళ్ళు వేస్తారే, ఆ అక్షరాలు. మా ఇద్వాల్ ఆ అక్షరాలతో "టీ" అంటే నేను ఉలిక్కిపడి లేచి నిలబడుతున్నాను. మంచిగానే అంటున్నాడని మనసుకు తెలుసు. కళ్ళకు తెలియడం లేదు.

ఇప్పుడు మా చెల్లెలు ఎలునెడ్ ఇంటి నుంచి రాస్తున్నాను. ఎందుకంటే శనివారం నాడు ఆయన టక్కు టక్కుమని ఒక్కో మీటా వెతుక్కుంటూ నొక్కాడు. ఒక వరుస నిండింది. అందులో ఏముందంటే:

"ఓల్వెన్ నీ పిచ్చి"

టీవీ ఇంత మేర, తెల్లగా, పెద్దక్షరాల్లో. నేను చదివాను. కోటు వేసుకున్నాను. బయటికి వచ్చేశాను. ఆయన వెనక నుంచి చేతులు ఊపుతూనే ఉన్నాడు. నేను తిరిగి చూడలేదు.

మనసు కష్టపెట్టుకుని,
ఓల్వెన్ బేనన్

తా.క. ఈ ఉత్తరం పోస్టు చేయబోతూ, శుభ్రమైన మేజోళ్ళ కోసం ఇంటికి వెళ్ళాను. టీవీ ఇంకా వెలుగుతూనే ఉంది. ఆయన దాన్ని ఆపకుండా పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రెండో వరుస అప్పుడు చూశాను. "కలకు గింజలు వేశావా". మా పెరట్లో పిచ్చికలున్నాయి లెండి. గింజలు వేయడం మరిచిపోయిన మాట నిజమే.


లాప్‌వింగ్ కంప్యూటర్స్, కేంబ్రిడ్జ్.
1983 మార్చి 28

శ్రీమతి బేనన్ గారికి,

మీ ఉత్తరం చదివి, నేను రాసిన మొదటి ఉత్తరం నకలు తీసి మళ్ళీ చదివాను. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. తోటలో తిప్పమన్నందుకు మన్నించండి. బేనన్ గారి జలుబు తగ్గిందని ఆశిస్తాను.

పిచ్చికల సంగతికి కారణం చెబుతాను. లాప్‌వింగ్ తెర మీద వరుసకు ఇరవై రెండు అక్షరాలే పడతాయి. నిండగానే, మాట మధ్యలో ఉన్నా సరే, మిగతాది కింది వరుసలో పడుతుంది. దానికి మాటల సంగతి తెలియదు. అక్షరాలను లెక్కపెట్టడమే తెలుసు.

చిన్నక్షరాల గురించి మా ఇంజనీరు నార్మన్‌ను అడిగాను. నార్మన్ నేల చూపులు చూస్తూ మాట్లాడే మనిషి, ఒక్కొక్క మాటే పైకి వస్తుంది. ఆయన చెప్పిన దాని సారాంశం ఇదీ: మీ ఇంట్లో ఉన్నదానికి జ్ఞాపకశక్తి చాలా తక్కువ. పెద్దక్షరాలు గుర్తుపెట్టుకునే సరికే దాని బుర్ర నిండిపోతుంది. వెనక భాగంలో ఒక చిన్న పెట్టె తగిలిస్తే జ్ఞాపకశక్తి పెరుగుతుంది. అప్పుడు ఏదైనా దారి దొరకవచ్చు.

తగిలించేటప్పుడు గట్టిగా నొక్కండి. కదిలితే ఉన్నదంతా మరిచిపోతుంది.

మీ శ్రేయస్సు కోరుతూ,
వెరిటీ టాప్‌స్కాట్

తా.క. పెట్టెను వేరుగా పార్సెల్లో పంపుతున్నాను. దుకాణంలో అద్దాల వెనక పెట్టి ఉంచిన నమూనా అది. మా మేనేజరు అటువైపు వెళ్ళడు.


చాపెల్ వీధి,
పెంట్రెవెలిన్.
1983 ఏప్రిల్ 4

మిస్ టాప్‌స్కాట్ గారికి,

మీరు చదువుకున్న అమ్మాయి, పట్నంలో ఉద్యోగం చేస్తున్నారు. ఇంటి ఇల్లాలి గురించి ఇలా రాయవచ్చా?

కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కనపడక, మీ ఉత్తరాన్ని ఎలునెడ్ చేత చదివించుకున్నాను. "మీ ఇంట్లో ఉన్నదానికి జ్ఞాపకశక్తి చాలా తక్కువ" అని అది చదివింది. ఇంట్లో ఉన్నదాన్ని నేనే కదా! "పిచ్చికల సంగతి పట్టుకుని అన్నారే అక్కా" అంది ఎలునెడ్. "బుర్ర నిండిపోతుంది" అని చదివింది. "వెనక భాగంలో పెట్టె తగిలించి గట్టిగా నొక్కండి" అనేసరికి ఎలునెడ్ ఉత్తరం కింద పెట్టి, "పోలీసులకు చెబుదామా?" అంది.

ఇద్వాల్ భుజాలు ఎగురుతున్నాయి. గొంతు పోయాక ఆయన నవ్వు భుజాల్లోకి దిగింది. లేచి వెళ్ళి మీటలు నొక్కాడు. "ఆమె అన్నది యంత్రాన్ని" అని వచ్చింది, పెద్దక్షరాల్లో. ఆ ఒక్క అరుపుకు మాత్రం నేను సంతోషించాను.

అందుచేత పోలీసుల ఆలోచన మానుకున్నాం. పెట్టె అందింది. తగిలించాం, నొక్కాం. చాలా కృతజ్ఞతలు.

కానీ ఇంకో మాట. మేం ఇంట్లో మాట్లాడుకునేది వెల్ష్. ఇంగ్లీషు పోస్టాఫీసుకూ డాక్టరుకూ మాత్రమే. మీరు పెద్దక్షరాలిచ్చినా చిన్నక్షరాలిచ్చినా మాకు టోపీ పెట్టకపోతే లాభం లేదు. ఇన్నాళ్ళూ మీరు మాకు టోపీ పెట్టలేదు. అదే నా బాధ. టోపీ లేకపోతే మా ఇద్వాల్ మంచినీళ్ళు కూడా అడగలేడు. దయచేసి త్వరగా టోపీ పెట్టండి.

మీ మీద కోపం పోయిన,
ఓల్వెన్ బేనన్

తా.క. ఎలునెడ్ మీకు క్షమాపణ చెప్పమంది. మనస్ఫూర్తిగా అనలేదు, మీకు చెప్పకపోతే బాగుండదని రాశాను.


లాప్‌వింగ్ కంప్యూటర్స్, కేంబ్రిడ్జ్.
1983 ఏప్రిల్ 12

శ్రీమతి బేనన్ గారికి,

మీ ఉత్తరం నా బల్ల మీది నుంచి మేనేజరు బల్ల మీదికీ, అక్కడి నుంచి కంపెనీ లాయరు దగ్గరికీ వెళ్ళింది. కిందిది ఆయన రాయమన్న మాట, అలాగే రాస్తున్నాను:

"మా సంస్థ ఇంతవరకూ ఎవరికీ టోపీ పెట్టలేదు. ఇకముందు పెట్టే ఉద్దేశమూ లేదు. పెట్టమని స్వయంగా కోరిన మొదటి కస్టమరు మీరే."

ఇక ఇది నా మాట. లాయరు వెళ్ళిపోయాక నార్మన్ వచ్చి నా బల్ల పక్కన నిలబడ్డాడు. వాళ్ళ అమ్మమ్మది వేల్స్ అట. "నీళ్ళకు వాళ్ళ మాటలో ఒక డబ్ల్యూ ఉంటుంది. దాని నెత్తిన చిన్న కప్పులా గీత ఉంటుంది. అదీ టోపీ" అన్నాడు. నార్మన్ నోట అన్ని మాటలు ఒకేసారి రావడం నేనెప్పుడూ వినలేదు. "టోపీ లేకపోతే మంచినీళ్ళు అడగలేడు" అన్నది అక్షరాలా నిజమని అప్పుడు అర్థమైంది.

నార్మన్ ఒక దారి చెప్పాడు. తెర మీద ప్రతి అక్షరమూ చిన్న చిన్న చుక్కలతో తయారవుతుంది. అడ్డంగా ఎనిమిది గడులు, నిలువుగా ఎనిమిది గడులు. ఏ గడి వెలగాలో ఏది ఆరిపోవాలో మనం చెబితే, యంత్రం తన అక్షరం మానేసి మనం చెప్పిన బొమ్మ చూపిస్తుంది. టోపీ ఉన్న బొమ్మయినా సరే. ఈ ఉత్తరంతో గళ్ళ కాగితాలు పంపుతున్నాను. మీకు ఎలాంటి చిన్నక్షరాలు కావాలో గడులు నింపి పంపండి.

స్నేహంగా,
వెరిటీ టాప్‌స్కాట్

తా.క. లాయరుకు ఇంకా అర్థం కాలేదు. నేనూ చెప్పలేదు.


చాపెల్ వీధి,
పెంట్రెవెలిన్.
1983 ఏప్రిల్ 19

వెరిటీ అమ్మాయికి,

గారూ గీరూ మానేశాను, ఏమీ అనుకోకు. లాయర్ల దాకా కలిసి వెళ్ళొచ్చాక ఇంక మనకు మర్యాదలేమిటి?

నీ గళ్ళ కాగితాలు చూశాను. ఆ గడులు మరీ సన్నం. ఈ మధ్య అన్నీ అలాగే చేస్తున్నారు. సూది బెజ్జాలు చూడు, దారం పట్టనంత ఇరుకుగా చేసి అమ్ముతున్నారు. అందుకే నేను కుట్టుపని మానేశాను.

అయినా నాకు గడులు నింపాల్సిన పని లేదు. చిన్నప్పుడు బడిలో మా చేత గుడ్డ మీద అడ్డకుట్లతో అక్షరాలు కుట్టించేవారు. గుడ్డలో పోగులు లెక్కపెట్టుకుంటూ ఒక్కో గడిలో ఒక్కో కుట్టు. నాది బీరువా అడుగున దొరికింది. చిన్నక్షరాలన్నీ ఉన్నాయి, టోపీలతో సహా. నీలం దారం. వేలితో తడిమి చూశాను. ఒక్క కుట్టు కూడా ఊడలేదు. దాన్నే పంపుతున్నాను. నార్మన్ బాబుకు ఇవ్వు. టీ ఒలకబోయవద్దని చెప్పు.

కొంచెం తొందరగా చెయ్యమను తల్లీ. కారణం ఉంది. పోయిన ఆదివారం ఎలునెడ్ మా ఇంటికి వచ్చింది. ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. ఇద్వాల్ లేచి వెళ్ళి "ఉప్పు" అని కొట్టాడు. టీవీ నిండా ఉప్పు. ఎలునెడ్ ఉలిక్కిపడి గ్లాసు ఒలకబోసుకుంది. నాకు తల కొట్టేసినట్టయి, "నలుగురిలో అలా అరుస్తావేం ఇద్వాల్?" అనేశాను.

ఆయన నా మొహం చూశాడు. టీవీ ఆపేశాడు. వచ్చి కూర్చుని ఉప్పు లేకుండానే తిన్నాడు.

ఆ రోజు నుంచి యంత్రం ముట్టుకోలేదు. దాని మీద గుడ్డ కప్పాడు. నేను బతిమాలాను, అరవమన్నాను కూడా. తల అడ్డంగా ఊపుతాడు, చేయి నిమురుతాడు, అంతే. ఈ ఇంట్లో ఇప్పుడు నా గొంతు ఒక్కటే వినపడుతోంది. నా గొంతు నేనే ఎంతసేపని వింటాను?

నీ మీదే ఆశ పెట్టుకున్న,
ఓల్వెన్

తా.క. పిచ్చికలు మాత్రం బాగా లావెక్కాయి. ఎవరితోనూ మాట్లాడలేనప్పుడల్లా వెళ్ళి గింజలు వేసి వస్తున్నాను.


లాప్‌వింగ్ కంప్యూటర్స్, కేంబ్రిడ్జ్.
1983 మే 3

ఓల్వెన్ గారికి,

క్యాసెట్ పంపుతున్నాను. మీ గుడ్డ కూడా మడత పెట్టి, మెత్తటి కాగితంలో చుట్టి పంపుతున్నాను. టీ మరక లేదు.

ఇది కంపెనీ పని కాదని మేనేజరు అన్నారు. అందుకని మధ్యాహ్నం భోజనాల వేళ చేశాం. నార్మన్ మీ గుడ్డను దీపం కింద పరిచి ఒక్కో కుట్టూ చెబుతుంటే నేను రాసుకున్నాను. "వెలుగు, వెలుగు, చీకటి, వెలుగు" అంటూ. అటు వెళ్ళే వాళ్ళు మేమేదో పూజ చేస్తున్నామనుకున్నారు. తోకలున్న అక్షరాలు కొన్ని ఎనిమిది గడుల్లో ఇమడలేదు. నార్మన్ చాలా బాధపడుతూ తోకలు కత్తిరించాడు. మీవారు సెలూన్ నడిపినవారు కాబట్టి అర్థం చేసుకుంటారని నమ్మకం.

నార్మన్ ఇంకో పని కూడా చేశాడు. ఇకమీదట మాట సగంలో విరగదు. వరుసలో పట్టకపోతే మాట మొత్తం కిందికి దూకుతుంది. పిచ్చికల తంటా ఇక ఉండదు.

టేపు రికార్డరులో క్యాసెట్ పెట్టి తిప్పండి. కీచుమని కూస్తుంది. భయపడకండి, అది నిజంగా యంత్రమే చేసే చప్పుడు.

బేనన్ గారు గుడ్డ తీస్తారని ఆశిస్తూ,
వెరిటీ

తా.క. ఆయన మొట్టమొదట ఏమన్నారో మాకు తప్పక రాయండి. నార్మన్ పైకి అడగడు. రోజుకు రెండుసార్లు నా బల్ల దగ్గరికి వచ్చి "పోస్టు వచ్చిందా?" అంటున్నాడు.


చాపెల్ వీధి,
పెంట్రెవెలిన్.
1983 మే 11

వెరిటీ తల్లికి,

వచ్చింది! కూసింది! పిల్లులు రెండు వీధులు దాటి పారిపోయాయి.

ఇద్వాల్ మొదట దగ్గరికి రాలేదు. నేనే గుడ్డ తీసి, క్యాసెట్ తిప్పి, చేయి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టాను. ఆయన ఒక మీట నొక్కాడు. ఆగాడు. టీవీ దగ్గరికి మొహం పెట్టి చూశాడు. తర్వాత గబగబా నొక్కడం మొదలుపెట్టాడు.

ఎంత మెత్తగా ఉన్నాయే అమ్మాయీ ఆ అక్షరాలు! తెర మీద సన్నటి మంచు కురిసినట్టు. అచ్చం ఆయన గొంతే. ఇప్పుడు రోజంతా మాట్లాడుతున్నాడు. నేను పక్కన కూర్చుని "అవునవును" అంటున్నాను, "బాగా చెప్పావు" అంటున్నాను. ఇంట్లో అరుపన్నది లేదు. నీకూ నార్మన్ బాబుకూ ఏమిచ్చి రుణం తీర్చుకోను?

కడుపు నిండిన,
ఓల్వెన్

తా.క. మొట్టమొదట ఏమన్నాడని అడిగావు. అది ఆలుమగల మధ్య మాట, చెప్పకూడదు.


ఊరి లైబ్రరీ,
పెంట్రెవెలిన్.
1983 జూన్ 17

అమ్మాయి వెరిటీకి, నార్మన్ గారికి,

ఇద్వాల్ బేనన్ రాస్తున్నాను. లైబ్రరీలో టైపు మిషన్ ఉంది. ఒంటి వేలితో కొడుతున్నాను. దీనికి చిన్నక్షరాలు పుట్టుకతోనే ఉన్నాయి.

నా మొదటి మాట ఏమిటని మీరు అడిగారట. ఓల్వెన్ చెప్పలేదట. చెప్పలేదు కాదు, చెప్పలేకపోయింది. ఆమె దాన్ని చదవలేదు.

ఆ రోజు నేను కొట్టింది "నీ నీలం దారం గుర్తుపట్టాను" అని. ఆమె కుట్టిన అక్షరాలతో ఆమెకే రాయడం నాకు గొప్పగా అనిపించింది. ఓల్వెన్ తెర వైపు చూసి, నవ్వి, "అవును, కాస్త చలిగానే ఉంది" అని వెళ్ళి కిటికీ మూసింది. సిగ్గుపడి మాట మార్చిందనుకున్నాను.

తర్వాత కూడా అదే వరస. నేను ఏమన్నా "అవునవును". టీ అడిగితే "బాగా చెప్పావు". నాకు అనుమానం వచ్చింది. ఒకరోజు ఆమె పక్కనే కూర్చుని అల్లికకు దారం విప్పుతుంటే, "ఇల్లు తగలబడుతోంది" అని కొట్టాను. ఓల్వెన్ తెర వంక తీరిగ్గా చూసి, "ఎంత మంచి మాటన్నావు ఇద్వాల్" అంది.

పెద్దక్షరాలు ఆమెకు కోపంగా కనిపించాయి, కానీ కనిపించాయి. ఈ సన్నక్షరాలు కనపడడమే లేదు. మీ ఉత్తరాలు కూడా ఎలునెడ్ చేతే చదివించుకుంటోంది. మీరు అంత కష్టపడి చేసిపెట్టారని, నేను మళ్ళీ మాట్లాడుతున్నానని, పైకి అనకుండా రోజంతా నా పక్కన కూర్చుని తలాడిస్తోంది.

మీకు రాసి అడుగుదామనుకున్నాను. మళ్ళీ మీ భోజనాలు చెడగొట్టడం ఎందుకని, యంత్రంతో వచ్చిన పుస్తకం ముందేసుకుని నేనే మొదలుపెట్టాను. మీ చిన్నక్షరాన్ని ఒక అక్షరం చోటులోంచి తీసి నాలుగు అక్షరాల చోటులోకి సాగదీశాను. జుట్టు కత్తిరించడం ముప్ఫై ఏళ్ళు చేశాను, పెంచడం ఇదే మొదటిసారి. నార్మన్ గారు కత్తిరించిన తోకలను కూడా మళ్ళీ మొలిపించాను. ఆకారం చిన్నక్షరానిదే, కాబట్టి అరిచినట్టుండదు. కొలత మాత్రం పెద్దక్షరానికి రెండింతలు. వరుసకు పదకొండే పడతాయి. నా బోటి తక్కువ మాటల మనిషికి అవే ఎక్కువ.

పూర్తయ్యాక ఓల్వెన్ వంటింట్లో ఉండగా కొట్టాను: "ఓల్వెన్, నీ కళ్ళు". టీ కప్పులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, అక్కడే నిలబడి, పైకి చదివింది. కప్పులు కింద పెట్టింది. కూర్చుంది.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?" అంది.

"ఇల్లు కాలినప్పటి నుంచి" అని కొట్టాను.

"ఇల్లు ఎప్పుడు కాలింది?" అంది, చుట్టూ చూస్తూ.

నా భుజాలు ఎగిరాయి. ఆమెకు సంగతి అర్థమై నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. "నీకు గొంతు పోయింది. ఇప్పుడు నాకు చూపు కూడా పోతోందంటే, ఈ ఇంట్లో ఎవరు ఎవరికి చెప్పుకోవాలి ఇద్వాల్? అందుకని నోరు మూసుకున్నాను" అంది.

నాకు చాలా చెప్పాలనిపించింది. పదకొండు పదకొండు చొప్పున ఎన్ని వరుసలు పడతాయి? చివరికి "నాకు చెప్పుకో" అని కొట్టాను. వరుసకు సరిపోయింది.

మర్నాడే కార్డిఫ్ ఆస్పత్రికి వెళ్ళాం. శుక్లాలట. రెండు కళ్ళకూ ఉన్నాయట, రెండూ తీసేస్తే పూర్తిగా కనపడుతుందట. ఇలాంటివి రోజూ చేస్తామని డాక్టరు అన్నాడు. ఒక కంటికి సెప్టెంబరులో, రెండో కంటికి క్రిస్మస్ దాటాక. డాక్టరు గదిలో నాకు టీవీ లేదు కదా, ఓల్వెనే నా తరపున కూడా మాట్లాడింది. నేను అడగదలుచుకున్నవి ఒక్కటి కూడా వదలకుండా అడిగింది.

నా పొడుగాటి అక్షరాల క్యాసెట్ ఒకటి మీకు పంపుతున్నాను. మీకు ఉత్తరాలు రాసే ఇళ్ళలో ఇంకెవరికైనా పనికి రావచ్చు. కూత మాత్రం పిల్లులకు ఇప్పటికీ పడదు.

మీ ఇద్దరికీ జీవితాంతం రుణపడిన,
ఇద్వాల్ బేనన్

తా.క. నార్మన్ గారూ, మీ సన్నక్షరాలను నేను పారేయలేదు. మా మరదలు ఎలునెడ్ ప్రతి శుక్రవారం షాజీరా వేసి కేకు చేసుకొస్తుంది. ఇరవై ఏళ్ళుగా దాని గురించి నేను ఏమీ అనలేదు. ఇప్పుడు ఆమె వచ్చి కూర్చోగానే, మీ సన్నక్షరాల్లో నా అభిప్రాయం మొత్తం వివరంగా కొడుతున్నాను. కేకు పట్టుకొచ్చే రోజున ఎలునెడ్ కూడా కళ్ళజోడు మరిచి వస్తుంది. ఓల్వెన్ తెర వంక చూసి, "చూశావా ఎలునెడ్, నీ కేకు అంటే ఆయనకు ఎంత ఇష్టమో" అంటుంది. సెప్టెంబరు దాకా ఈ సుఖం నాకు ఉంచండి.